ఎర్రతాడుకు గంజి

మా ఇంట్లో అప్పటికి సముద్రాన్ని చూసినవాళ్లు కూడా లేరు. మంచు అంటే మాకు తెలిసింది తెల్లవారుజామున జొన్నచేల మీద పడే తడి ఒక్కటే. అయినా అరవైల్లో ఒక చలికాలమంతా దేవరకొండలో, మగ్గాల చప్పుడు మధ్య కూర్చుని, ఆల్ప్స్ కొండల మీద మంచులో ప్రాణం పోకుండా ఎలా జారాలో మేం పథకం వేశాం. పథకం అని మర్యాదకు అంటున్నాను. పూటపూటా పోట్లాడుకున్నాం.

దీనికంతటికీ కారణం మా ముందుగది. వరసగా వానలు లేక బావులు అడుగంటిన రోజులవి. మర్రిగూడ వైపు పల్లెల్లో నీళ్ల కోసం బండ తొలిచే పెద్ద బోరింగు లారీ ఒకటి పరాయి దేశం నుంచి వచ్చింది. దాన్ని నడపడం మనవాళ్లకు నేర్పడానికి ఒక తెల్లాయన కూడా వచ్చాడు. ఆయనకు సర్కారు బంగళాలో జాగా ఇచ్చారు గానీ అక్కడి గబ్బిలాలు ఆయన్ని పడుకోనివ్వలేదు. మా ఆయన చేనేత సంఘంలో గుమాస్తా. ఊళ్లో ఎవరికి ఏం కావాలన్నా మా ఇంట్లో ఉందని చెప్పడం ఆయనకు పుట్టుకతో వచ్చిన జబ్బు. అలా నన్నొక్క మాట అడక్కుండానే మా ముందుగది కిరాయికి పోయింది.

వీధివాళ్లు ఆయనకు బోరింగు దొర అని పేరు పెట్టారు. ఆయన అసలు పేరుకు గానీ, ఆయన దేశం పేరుకు గానీ మా వీధిలో ఎవరికీ నోరు తిరగలేదు. నేను కొత్త కోడల్ని. మెట్రిక్‌లో ఇంగ్లీషు తప్పినదాన్ని. పుట్టింట్లో అది నాకు పెద్ద మచ్చ. అత్తింట్లో మాత్రం ఇంగ్లీషు పరీక్షదాకా వెళ్లొచ్చిన మనిషినని గౌరవం. కాబట్టి దొరకూ ఇంటికీ మధ్య మాటలు మోసే పని నా నెత్తిన పడింది. అదృష్టం బాగుండి ఆయనకూ ఇంగ్లీషు సొంత భాష కాదు. ఇద్దరి ఇంగ్లీషూ కుంటిదే కాబట్టి ఒకదాన్నొకటి పట్టుకుని నడిచేవి.

తెలుగు ఆయన బోరింగు కూలీల దగ్గర నేర్చుకున్నాడు. అందువల్ల అందరినీ నువ్వు అనేవాడు, తాసిల్దారుతో సహా. ఏది అడిగినా, దిగులు పడొద్దన్నట్టు, ముందు "ఫికర్ లేదు" అనేవాడు. నేను అత్తమ్మా అని పిలవడం విని, అదే ఆవిడ పేరనుకున్నాడో ఏమో, ఆయనా మా అత్తగారిని అత్తమ్మా అని పిలవడం మొదలుపెట్టాడు. వీధికి పండగైంది. బట్ట కొనడానికి వచ్చినవాళ్లు కూడా తెల్ల అల్లుడు తిన్నాడా, పడుకున్నాడా అని మా అత్తమ్మను అడిగిపోయేవారు. ఆవిడకు కూతుళ్లు లేరు కాబట్టి సరిపోయింది.

అత్తమ్మ సన్నటి మనిషి. పొద్దంతా రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది. చెయ్యీ ఆగేది కాదు, నోరూ ఆగేది కాదు. ఆ నోట్లో సగం మాటలు భయాలే. బావి దగ్గరికి పోతే గట్టు జారుడుగా ఉంటుంది, బస్సెక్కితే డ్రైవరు మొహం చూసి ఎక్కాలి, చేను గట్టున పోతే పాముంటుంది. ఇంట్లోంచి ఎవరు కదిలినా "పోతున్న" అనకూడదు, "పోయొస్త" అనాలి. అనకపోతే వీధి సగం దాటిన మనిషిని వెనక్కి పిలిచి మరీ అనిపించేది. ఒకసారి చెంబు పట్టుకుని అర్జెంటుగా వెళ్తున్న మా మామగారిని కూడా పిలిచింది. నాకు ఒళ్లు మండిపోయేది. నా పుట్టింట్లో ఎవరి కాళ్లు వాళ్లవే అన్నట్టు బతికాం మేము.

ఒక సాయంత్రం దొర పెట్టెలోంచి ఫొటో తీసి చూపించాడు. తెల్లటి గుట్ట, దాని మీద ఆయన, రెండు కాళ్లకూ రెండు పొడుగాటి చెక్కలు, చేతుల్లో రెండు కర్రలు. మామ మగ్గం గుంటలోంచి లేచి వచ్చి ఫొటోను దగ్గరగా ఒకసారి, దూరంగా ఒకసారి పట్టుకుని చూశాడు. అది ఏ కట్టె, ముందు కొసలు పైకెందుకు వంచారు, వంచడానికి నీళ్లలో నానబెడతారా లేక పొగ పెడతారా అని ఆయన వేసిన ప్రశ్నలకే నా ఇంగ్లీషంతా అయిపోయింది. అత్తమ్మ అడిగింది ఒక్కటే. గుట్ట మీదికి కట్టెలకు పోయినవా, గొర్ల వెంట పోయినవా అని.

"ఖుషీ కోసం, అత్తమ్మ" అన్నాడు దొర.

ఆవిడకు అర్థం కాలేదు. నాకూ కాలేదు గానీ అర్థమైనట్టే మొహం పెట్టి మిగతాది చెప్పాను. మాఘమాసంలో ఆయన సెలవు మీద ఇంటికి వెళ్తున్నాడు. వెళ్లి చిన్నప్పటి స్నేహితుడితో కలిసి మంచు గుట్ట ఎక్కి జారబోతున్నాడు. అక్కడ జనం జారడానికి ఒక బాట ఉంటుందట. అటూ ఇటూ గుంజలు పాతి, మంచును చదును చేసి పెడతారట. ముసలమ్మలూ పిల్లలూ కూడా అందులో హాయిగా జారతారట. తనూ స్నేహితుడూ మాత్రం ఆ గుంజలు దాటి, ఎవరూ కాలు పెట్టని పక్క నుంచి దిగుతారు. అందులోనే మజా ఉందట.

రాట్నం ఆగింది. భోజనాలప్పుడు తప్ప అది ఆగడం నేను అంతకుముందు చూడలేదు.

"తొవ్వ ఉండంగ తొవ్వ ఇడిసి ఎందుకు పోతవ్?" అని అడిగింది అత్తమ్మ.

"ఫికర్ లేదు, అత్తమ్మ."

ఆవిడ లేచి లోపలికి వెళ్లిపోయింది. ఆ పూట దొరకు అన్నం పెట్టింది నేనే. ఎందుకంత కోపమొచ్చిందో మామను అడిగితే, నూలు తెగింది, అతకాలి అంటూ గుంటలోకి దిగిపోయాడు.

మర్నాటి నుంచి అత్తమ్మ ఆ ప్రయాణాన్ని తన చేతుల్లోకి తీసుకుంది. ముందు అసలు వెళ్లొద్దంది. దొర నవ్వాడు. సరే, వెళ్తే ఎలా వెళ్తావో చెప్పమంది. దొర మంచివాడు, తెలివితక్కువవాడు. ఆవిడకు ధైర్యం చెబుదామని తీసుకునే జాగ్రత్తలన్నీ పూసగుచ్చినట్టు చెప్పడం మొదలుపెట్టాడు. జాగ్రత్త చెప్పిన ప్రతిసారీ ఆవిడకు తెలియని అపాయం ఒకటి కొత్తగా తెలిసేది. ఒంటరిగా వెళ్లం అంటే, ఒంటరిగా వెళ్తే ఏమవుతుందని అడిగేది. కొత్త మంచు పడగానే వెళ్లం అంటే, పడ్డాక వెళ్లినవాళ్లు ఏమయ్యారని అడిగేది. నేను మధ్యలో కూర్చుని చచ్చినవాళ్ల లెక్కలు ఇటు నుంచి అటూ అటు నుంచి ఇటూ మోసేదాన్ని.

జాగ్రత్తలు నిజంగానే చాలా ఉండేవి. ముందు ఆ గుట్టలు తెలిసిన స్థానికుణ్ని కనుక్కుని అడుగుతారు. ఎండ ఎక్కితే మంచు మెత్తబడి కదులుతుంది కాబట్టి పొద్దున్నే దిగేస్తారు. ఏటవాలు మీద ఇద్దరూ కలిసి దాటరు, ఒకడు దాటి అవతల నిలబడ్డాకే రెండోవాడు కదులుతాడు. ఎప్పటికల్లా తిరిగి వస్తారో ఇంట్లో చెప్పి మరీ బయల్దేరతారు. ఈ మాటల మధ్యలో గొర్లు కాసే పెద్దాయన ఒకాయన మా అరుగు మీద కూర్చుని వింటూ, మేం గొర్లను గుట్ట మీద గట్లనే ఒకటెన్క ఒకటి దాటిస్తం, గుంపుగ పోనియ్యం అన్నాడు గొప్పగా. అది నా పథకంలో ముందే ఉంది అన్నాడు దొర. పెద్దాయన చిన్నబుచ్చుకుని లేచి వెళ్లిపోయాడు. రెండోరోజు నల్లటి గొంగడి ఒకటి తెచ్చి, ఇది నీ పథకంల ఉన్నదా అని దొర మొహాన పడేసి పోయాడు.

అత్తమ్మ తన వంతు కలిపింది. మంగళవారం గుట్ట ఎక్కొద్దు. కడుపులో ఇంత పెరుగన్నం పడకుండా కదలొద్దు. చెవులకు రుమాలు, జేబులో సొంఠిపొడి, మెడలో నల్లదారం. స్నేహితుడి తల్లి బతికే ఉందా, ఆవిడకు ఈ సంగతి తెలుసా అని కూడా కనుక్కుంది. దొర అన్నిటికీ బుద్ధిగా తలూపాడు. ఆ దేశంలో పెరుగన్నం ఎవరు పెడతారని అడగలేదు. అందుకే తెలివితక్కువవాడైనా మంచివాడన్నాను.

అంతా అయ్యాక ఒకరోజు ఆవిడకు అసలు అనుమానం వచ్చింది. గుట్ట జారుతుందని పదేపదే అంటున్నాడు, గుట్ట ఎట్లా జారుతుంది? మన ఖిల్లా గుట్ట మన తాతలు పుట్టకముందు నుంచి ఉంది, ఒక్కనాడైనా జారిందా? నేను దీన్ని ఇంగ్లీషులో పెట్టడానికి అవస్థ పడుతుంటే దొర చుట్టూ చూశాడు. వంటింటి గుమ్మం పక్కన చాటలో జొన్నపిండి కనిపించింది. దాన్ని తెచ్చి ముందు పెట్టుకున్నాడు. కొంత పిండిని నీళ్లు చిలకరించి చాట నిండా అరచేత్తో గట్టిగా అదిమాడు. దాని మీద పొడిపిండిని మెత్తగా రాల్చి పరుపులా పరిచాడు. ఒక వేపపుల్ల ముక్క విరిచి పిండి మీద నిలబెట్టి, ఇది నేను అన్నాడు.

చాటను మెల్లగా వంచాడు. ఏమీ కాలేదు. ఇంకొంచెం వంచాడు. అప్పుడూ కాలేదు. మామ కూడా నేత ఆపి తొంగి చూస్తున్నాడు. ఇంకొక్క పిసరు వంచేసరికి పైపిండి అడ్డంగా బీటలు వారి, దుప్పటి లాగినట్టు మొత్తం ఒక్కసారిగా కిందికి జారింది. పుల్ల కనిపించలేదు. నేను అప్పుడే ఊడ్చిన నేల నిండా పిండి. పొద్దున నా చేతులతో తిరగలిలో విసిరిన పిండి. ఒక మాట అందామని నోరు తెరిచాను.

అత్తమ్మ అప్పటికే రెండు చేతులూ పిండిలో పెట్టి వెతుకుతోంది. "ఏడున్నడు? ఏడున్నడు?" అంటోంది. పుల్లను పట్టుకుని ఉన్నడు అంటుందేమిటని మొదట నవ్వొచ్చింది. ఆవిడ మోకాళ్ల మీద పాకుతూ నేల మీది పిండంతా తడుముతోంది. దొర మొహంలో నవ్వు పోయింది.

ఆయన నా వైపు తిరిగి ఎర్రదారం కావాలన్నాడు. రాట్నం దగ్గర ఉన్న కండె ఇచ్చాను. ఇంకో పుల్ల విరిచి, దానికి దారం ముడేసి, కొస వదిలేసి, మళ్లీ పిండి అదిమి, మళ్లీ పరిచి, మళ్లీ వంచాడు. పిండి జారి పుల్లను కప్పేసింది. దారం మాత్రం తేలిక కదా, ఒక కొస పిండి పైన ఎర్రగా కనిపిస్తూ ఉంది. అక్కడ వాళ్లు నడుముకు పొడుగాటి ఎర్రతాడు కట్టుకుని, దాన్ని వెనక ఈడ్చుకుంటూ జారతారట. మంచు మనిషిని మింగినా తాడు ఎక్కడో ఒకచోట పైన తేలుతుంది. అది పట్టుకుని తవ్వితే మనిషి దొరుకుతాడు. నేను చెప్పడం ఆపేసరికి అత్తమ్మ దారం కొస అందుకుంది. తెగకుండా, చెయ్యి మీద చెయ్యి వేస్తూ మెల్లగా లాగింది. పిండిలోంచి పుల్ల పైకొచ్చింది. దాన్ని కొంగుతో తుడిచి అరచేతిలో పెట్టుకుంది.

"దొరికిండు" అంది.

అసలు సంగతి మర్నాడు మామ చెప్పాడు, ఆవిడ నీళ్లకు వెళ్లినప్పుడు. అత్తమ్మకు ఒక తమ్ముడు ఉండేవాడు. ఆవిడ కాపురానికి వచ్చిన కొత్తలో పండక్కి తీసుకుపోవడానికి వచ్చాడు. అక్క మర్నాడు వస్తుందని తల్లికి ముందుగా చెప్పాలని ఒక్కడే బయల్దేరాడు. డిండి వాగు నిండుగా పోతోంది. బండ్లు దాటే తొవ్వ ఎగువన ఉంది, చుట్టూ తిరగాలి. ఫికర్ చెయ్యకు అక్కా, కింద దగ్గరి తొవ్వ ఉన్నది అని నవ్వుతూ వెళ్లాడు. ఎన్ని రోజులు వెతికినా మనిషి దొరకలేదు. ఎక్కడ వెతకాలో చూపించేది ఏదీ లేదు.

అప్పటిదాకా ఆవిడ మీద నాకు విసుగే ఎక్కువ. ఆ మాట విన్నాక ఆవిడ నీళ్లబిందెతో తిరిగొస్తుంటే ఎదురెళ్లి బిందె అందుకున్నాను. ఏం పుట్టింది నీకియ్యాల అని ఆవిడ నన్ను అనుమానంగా చూసింది.

తాడు మా ఇంట్లోనే తయారు కావాలని అత్తమ్మ పట్టుబట్టింది. అక్కడ దుకాణాల్లో దొరుకుతుందని దొర అంటే, దుకాణం తాడును ఎవరు పేనారో ఎవరికి తెలుసు అంది. మంచి నూలు తీసి ఆవిడే పురిపెట్టింది. రంగు కాచి ముంచింది నేను, నా చేతులు శివరాత్రి దాకా ఎర్రగానే ఉన్నాయి. ఎంత పొడుగు కావాలో దొర చెప్పాడు. ఆవిడ దానికి రెట్టింపు చేసింది. ఆఖరి పని మామ తీసుకున్నాడు. గంజి పెట్టని నూలు ఆయన చేతిలోంచి బయటికి పోయిన రోజు లేదు. పడుగుకు పెట్టినట్టే తాడును వీధిలో గుంజలకు సాగదీసి, చిక్కటి గంజి పట్టించి, పోగు లేవకుండా కుంచెతో రుద్ది, ఎండకు ఆరబెట్టాడు. తాడు నిగనిగలాడింది. వీధిలో నేతవాళ్లంతా వచ్చి గోటితో గీకి చూసి, పని అంటే ఇదీ అని మెచ్చుకుని పోయారు. మంచు అంటే నీళ్లే కదా అని ఒక్కరన్నా అనలేదు.

దొర తాడును నడుముకు కట్టుకుని వీధిలో నడిచి చూపించాడు. వెనక తాడు మలుపు దాకా సాగింది. పిల్లలంతా వెంటపడ్డారు. గొర్ల పెద్దాయన మేక ఒకటి గుంపులోంచి విడిపోయి వచ్చి, తాడు కొసను నోట్లో పెట్టుకుని, గంజి రుచి మరిగి, నములుతూ దొర వెనకాలే ఊరేగింది. మామ కర్ర తీసుకుని దాన్ని అదిలించాడు. మా అందరి కంటే ఆ మేకే నయం. తాడులో ఏముందో దానికి గుర్తుంది.

బయల్దేరే రోజు అత్తమ్మ బస్సుదాకా వచ్చింది. గొంగడి, సొంఠి, జొన్నరొట్టెలు, తాడు అన్నీ మూట కట్టి ఇచ్చి, చెయ్యి చాచి నిలబడింది.

"గీ తాడు నడుముకు లేకుంట తొవ్వ ఇడువను అని నా చేతుల చెయ్యేసి చెప్పు."

దొర అలవాటుగా "ఫికర్" అన్నాడు. ఆవిడ మొహం చూసి మిగతా సగం మింగేశాడు. చేతిలో చెయ్యి వేశాడు.

"ఇడువ, అత్తమ్మ. పోయొస్త."

తర్వాత మా ఇంట్లో రోజులు బాగా గడవలేదు. చలిగాలి వీచినా, ఆకాశంలో మబ్బు కనిపించినా అక్కడ మంచు పడుతోందా అని అత్తమ్మ నన్ను అడిగేది. నేనేదో ఆ దేశం అంచున కూర్చున్నట్టు. సంఘం ఆఫీసులో రేడియో ఉండేది. మా ఆయన్ని రోజూ ఆ గుట్టల సంగతి విని రమ్మనేది. ఆయన వచ్చి బంగాళాఖాతంలో వాయుగుండం ఉందని చెప్పేవాడు. దొర వాయుగుండంలోకి ఎందుకు పోతాడని ఆవిడ కొడుకును తిట్టేది.

దొర రావాల్సిన రోజు వచ్చింది, దొర రాలేదు. దాని తర్వాత రోజుల్లో బొమ్మ కార్డు ఒకటి వచ్చింది. ఒక పక్క తెల్లటి గుట్ట, ఇంకో పక్క ఆయన రాత. రేపు పొద్దున గుట్ట ఎక్కుతున్నాం, తాడు ఉంది అని రాశాడు. అది ఎప్పుడో రాసిన కార్డని, ఆ రేపు అయిపోయి చాలా రోజులైందని అత్తమ్మకు ఎన్నిసార్లు చెప్పినా లాభం లేకపోయింది. రోజూ నాతో చదివించుకునేది. చదివిన ప్రతిరోజూ అందులో రేపు అనే ఉండేది. ఒకరోజు చదవడం అయ్యాక, ఇప్పుడన్నా పోవద్దని కబురు పంపరాదా అంది. నేను కోపంతో కార్డు విసిరేయబోయి ఆగాను. ఆవిడ పొద్దుటి నుంచి మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదని నాకు తెలుసు.

బోరింగు లారీ కదలక నిలబడిపోయింది. దొర ఇక రాడని, వాళ్ల దేశంలోనే పని చూసుకుని ఉంటాడని వీధిలో అనుకోవడం మొదలైంది. అది మంచి మాటే అని నేను అత్తమ్మకు చెప్పబోయాను. ఆవిడ చీపురు తీసుకుని ముందుగదికి వెళ్లి ఊడవడం మొదలుపెట్టింది. ఊడ్చిన గదినే మళ్లీ ఊడ్చింది. చూడలేక నేనే చీపురు లాక్కున్నాను. ఆ పూట నాకూ భయం వేసింది.

ఆయన మిట్టమధ్యాహ్నం హైదరాబాదు బస్సు దిగి, గొంగడి భుజాన వేసుకుని నడుచుకుంటూ వచ్చాడు. ముక్కు మీద తోలు ఊడి ఎర్రగా ఉంది. ఎడమ చెయ్యి కట్టుతో మెడకు వేలాడుతోంది. ఇంటిల్లిపాదీ గుమ్మంలోకి పరిగెత్తాం. అత్తమ్మ మాత్రం రాట్నం దగ్గరే కూర్చుండిపోయింది.

చెయ్యి ఏ గుట్ట మీద విరిగిందని మామ అడిగాడు. గుట్ట మీద కాదు, వాళ్లమ్మ ఇంటి గడప ముందు మంచు గడ్డకట్టిన మెట్టు మీద కాలు జారిందట. అందుకే రావడం ఆలస్యమైందట. మరి గుట్ట సంగతేమిటంటే దొర తల గోక్కున్నాడు. నేను మాటలు మోస్తూ ఉంటే, ఒక్కొక్క మాటకూ మామ మొహం వాడిపోతూ వచ్చింది.

గుట్ట కింద మంచు తడితడిగా ఉందట. తాడు నానింది. మామ పట్టించిన గంజి మెత్తబడి జిగురైంది. పైకెక్కేసరికి చలిగాలి తగిలి తాడంతా బిగుసుకుపోయి కర్రయింది. నడుముకు కట్టి వెనక వదిలితే నేల మీద సాగాల్సింది పోయి, కోతి తోకలా వంకర తిరిగి ఆయన నెత్తి మీదికి లేచి నిలబడింది. ముందుకు వంచితే కాళ్ల మధ్యకు వచ్చేది. స్నేహితుడు మంచులో పడి దొర్లి దొర్లి నవ్వాడట. నవ్వి, తన సంచిలో ఉన్న ఇంకో తాడు తీసి ఇచ్చాడు. దొర తీసుకోలేదు. నేను చేతిలో చెయ్యి వేసి చెప్పింది ఈ తాడు గురించి, ఆ తాడు గురించి కాదు అన్నాడట. మన ఎండకు ఈయన బుర్ర కరిగిందని స్నేహితుడు అనుకున్నాడు. ఒంటరిగా వెళ్లకూడదని ఇద్దరూ ముందే అనుకున్నారు కాబట్టి, ఇద్దరూ గుంజలు పాతిన బాటలోనే ముసలమ్మలతో, పిల్లలతో కలిసి దిగారు. ఆ తర్వాత వాతావరణం పాడైంది, సెలవు అయిపోయింది. ఏడాదిగా కన్న కల తాడుతో పాటు గడ్డకట్టింది. స్నేహితుడు రైలెక్కించేదాకా మాట్లాడలేదట.

ఆ పక్క గుట్ట జారిందా మరి, అని మా ఆయన ఆశగా అడిగాడు.

లేదట. ఆ రోజు అటు నుంచి దిగినవాళ్లంతా పాటలు పాడుకుంటూ క్షేమంగా ఇల్లు చేరారట.

మామ నేల చూపులు చూస్తున్నాడు. దొర ఆయన్ని నవ్విద్దామని మూటలోంచి తాడు తీశాడు. ఒంటిచేత్తో నడుముకు కట్టుకోబోతే మా ఆయన ముడి వేశాడు. తోక ఎలా లేచిందో, తను ఎలా నడిచాడో చూపిస్తూ దొర వీధిలోకి దిగి మలుపు దాకా వెళ్లాడు. వీధి వీధంతా అరుగుల మీదికొచ్చి పగలబడి నవ్వింది. తాడు ఈసారి బుద్ధిగా నేల మీదే సాగి, దాని కొస మా గుమ్మం ముందు ఉండిపోయింది.

అత్తమ్మ అప్పుడు లేచి వచ్చింది. వంగి ఆ కొస అందుకుంది. చెయ్యి మీద చెయ్యి వేస్తూ లాగడం మొదలుపెట్టింది. ఆ రోజు పిండిలోంచి దారం లాగినట్టే, గట్టిగా కాదు, తెగుతుందేమో అన్నట్టు. దొర మొదట ఆటనుకుని తూలుతూ, నవ్వుతూ వచ్చాడు. సగం దూరం వచ్చాక నవ్వడం మానేశాడు. ఆవిడ కాళ్ల దగ్గర తాడు చుట్టలు చుట్టలుగా పడుతోంది. అరుగుల మీద నవ్వు ఒక్కొక్క ఇంటి దగ్గరా ఆగుతూ వచ్చింది. ఆ వీధిలో వయసు మళ్లినవాళ్లకు ఆవిడ తమ్ముడు గుర్తున్నాడు.

ఆయన దగ్గరికి రాగానే ఆవిడ తాడు వదిలి, కట్టులేని చేతిని మణికట్టు దగ్గర పట్టుకుంది.

"దొరికినవ్ బిడ్డ" అంది.

"దొరికిన, అత్తమ్మ" అన్నాడు దొర. ఫికర్ లేదని అనలేదు.

నేను ఏడ్చాను, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. ఆవిడ చెయ్యి వదలకుండానే కొంగుతో మొహం తుడుచుకుంది. గడప ముందర జారినవ్, ఆడ తాడు కట్టుకునుడు యాదికి రాలేదా అని దొరను అడిగింది. ఆ తర్వాత మామ వైపు తిరిగి, మంచులోకి పోయే తాడుకు గంజి పెట్టిన మనిషిని తన బతుకులో చూడలేదని తిట్టడం మొదలుపెట్టింది. అన్నాలు వడ్డించేదాకా తిడుతూనే ఉంది. మామ ఎంతో హాయిగా, తలొంచుకుని విన్నాడు.